దూరమైతే పైకి, దగ్గరైతే కిందికి: ఒక రెటికిల్ కేసు

ఈ కేసు ఇంగ్లండ్‌లోని ఒక ఎయిర్ రైఫిల్ క్లబ్బులోది. షూటర్ గుంటూరు వైపు నుంచి వచ్చిన యువకుడు. చదివింది సివిల్ ఇంజనీరింగ్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లకు స్కోపు, అంటే రైఫిల్ మీద బిగించే టెలిస్కోపు, వాడకం నేర్పే పని నాది. అతను నా దగ్గరికి వచ్చేటప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశాడు.

"అన్నా, ముప్ఫై గజాల దగ్గర గురి తప్పదు. ముప్ఫై అయిదు దాటితే పెల్లెట్ పైకి పోతుంది. మళ్లీ పది గజాల దగ్గర కిందికి పడుతుంది. స్కోపు పాడైనట్టుంది, కొత్తది కొంటాను."

పాడైన స్కోపు ఇంత క్రమపద్ధతిలో తప్పదు. లోపల ఏదైనా వదులైతే దెబ్బలు చెల్లాచెదురుగా పడతాయి, ఒక రోజు పైకి, మరో రోజు పక్కకు. దూరానికి ఎప్పుడూ పైకి, దగ్గరికి ఎప్పుడూ కిందికి, మధ్యలో సరిగ్గా కుదరడం అంటే ఎక్కడో ఒక లెక్క నిలకడగా తప్పుతోందన్నమాట. కొనడం ఆపించి ముందు కొలతలు చూద్దామన్నాను.

ఆట గురించి తెలియనివారికి కొంచెం చెప్పాలి. ఎయిర్ రైఫిల్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది 10 మీటర్ల ఒలింపిక్ పోటీ, 2012 లండన్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ తెచ్చిన కాంస్యం. అందులో టెలిస్కోపు ఉండదు. దూరం ముందే తెలుసు, అది మారదు. ఇక్కడ మేము ఆడేది హంటర్ ఫీల్డ్ టార్గెట్. చెట్ల మధ్య, గడ్డిలో, గట్ల వెనక ఇనుప బొమ్మలు నిలబెడతారు. ఒక్కోదానికీ నడుమ గుండ్రని కన్నం ఉంటుంది. దాన్ని కిల్ జోన్ అంటారు, అడ్డంగా 15 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పెల్లెట్ ఆ కన్నంలోంచి వెళ్లి వెనక ఉన్న రేకును తాకితే బొమ్మ పడిపోతుంది, 2 పాయింట్లు. కన్నం తప్పి చుట్టూ ఉన్న రేకుకు తగిలితే 1. ఏదీ తగలకపోతే సున్నా. బొమ్మ 8 గజాల దగ్గర ఉండవచ్చు, 45 గజాల దగ్గర ఉండవచ్చు, ఎంత దూరమో ఎవరూ చెప్పరు. దూరం కొలిచే పరికరాలు వాడకూడదు. పోటీ మొదలయ్యాక స్కోపు మీద చెయ్యి వేయకూడదు. టర్రెట్ (గురిని పైకీ పక్కకీ సరిచేసే మర) తిప్పడం, జూమ్ మార్చడం, ఫోకస్ సరిచేయడం, ఏదీ కుదరదు. కాబట్టి దూరం తేల్చడానికీ, ఎంత ఎత్తిపట్టి కాల్చాలో నిర్ణయించడానికీ షూటర్ దగ్గర మిగిలేది ఒక్క రెటికిల్, అంటే స్కోపు లోపల కనిపించే గీతలూ చుక్కలూ. ఆ నాలుగు చుక్కలు తప్పు చెబితే ఆధారపడేందుకు ఇంకేమీ ఉండదు.

అతని రైఫిల్ 0.177 క్యాలిబర్, అంటే 4.5 మిల్లీమీటర్ల గొట్టం. పెల్లెట్ బరువు 8.4 గ్రెయిన్లు, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద సెకనుకు 780 అడుగుల చుట్టుపక్కల. ఇంగ్లండ్‌లో సర్టిఫికెట్ అక్కర్లేని ఎయిర్ రైఫిళ్లకు ఉన్న 12 ఫుట్-పౌండ్ల శక్తి పరిమితికి ఇది కాస్త దిగువనే ఉంటుంది. స్కోపు 3 నుంచి 12 రెట్ల జూమ్ ఉన్నది, మిల్ డాట్ రెటికిల్. బ్యారెల్ మధ్య గీత నుంచి స్కోపు మధ్య గీతకు ఎత్తు సుమారు 46 మిల్లీమీటర్లు. జీరో, అంటే గురిపెట్టినచోటే పెల్లెట్ పడే దూరం, 30 గజాలకు పెట్టుకున్నాడు. పెల్లెట్ దారిని లెక్కగట్టే బాలిస్టిక్ యాప్‌లో ఫోన్‌లో ఇవన్నీ వేసి, ఏ దూరానికి ఎన్ని మిల్స్ (రెటికిల్ చుక్కలతో కొలిచే కొలత) ఎత్తిపట్టాలో కార్డు రాసుకున్నాడు. కార్డు నేను సరిచూశాను, ఒక్క అంకె కూడా తప్పు లేదు.

సాధన ట్రాక్ మీద కాల్పులు ఆపించి బొమ్మల దగ్గరికి నడిచాం. కొత్తగా పసుపు రంగు కొట్టిన రేకులవి. పెల్లెట్ తగిలినచోట సీసం నలిగి బూడిదరంగు మచ్చ పడుతుంది. దూరపు బొమ్మల మీద మచ్చలన్నీ కిల్ జోన్‌కు పన్నెండు గంటల స్థానంలో, కన్నం అంచుకు కొంచెం పైన గుంపుగా ఉన్నాయి. కుడిఎడమల తేడా పెద్దగా లేదు. అంటే శ్వాస, ట్రిగ్గర్, గాలి, ఇవన్నీ బాగానే ఉన్నాయి. 10 గజాల చిన్న బొమ్మ మీద మచ్చలు ఆరు గంటల స్థానంలో, కన్నం కింది అంచును కరుచుకుని ఉన్నాయి. ఈ రెండు గుంపులు చూశాక నేను అడిగినది ఒక్కటే: "జూమ్ ఎంతలో పెడుతున్నావు?"

"ఎనిమిదిలో. పదిలో పెడితే దగ్గరి బొమ్మలు మసకగా కనిపిస్తున్నాయి."

చిక్కు అక్కడే ఉంది.

మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు. 10 మీటర్ల దగ్గర 1 సెంటీమీటరు, 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు. మిల్ డాట్ రెటికిల్‌లో ఒక చుక్క నడుమ నుంచి పక్క చుక్క నడుమకు 1 మిల్. అమెరికా మెరైన్ కోర్ 1970ల చివర్లో తన స్కోపుల్లో వాడుకలోకి తెచ్చిన ఈ పద్ధతి తర్వాత అన్నిచోట్లకీ పాకింది. లెక్క చాలా సులువు. వస్తువు పరిమాణాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, అది రెటికిల్ మీద ఆక్రమించిన మిల్స్‌తో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది. 40 మిల్లీమీటర్ల కన్నం సరిగ్గా 1 మిల్ ఆక్రమిస్తే దూరం 40 మీటర్లు, అంటే సుమారు 44 గజాలు.

అతనికి ఇది వివరించాల్సిన పని లేదు. కాలేజీ సర్వే ల్యాబులో డంపీ లెవెల్‌తో (నేల ఎత్తుపల్లాలు కొలిచే టెలిస్కోపు పరికరం) పని చేసినవాడు. ఆ పరికరంలో పైనా కిందా ఉండే స్టేడియా వెంట్రుకలకు గుణకం 100. స్టాఫ్ (ఎదురుగా నిలబెట్టే కొలత కర్ర) మీద ఆ రెండింటి మధ్య పడిన పొడవును 100తో హెచ్చిస్తే దూరం. రెటికిల్ భాషలో చెబితే ఆ రెండు వెంట్రుకల మధ్య 10 మిల్స్. పద్ధతి ఒకటే, పరికరం వేరు. కానీ ఒక తేడా ఉంది. డంపీ లెవెల్‌లో జూమ్ ఉండదు, గుణకం మారదు. అతని స్కోపులో జూమ్ ఉంది, పైగా రెటికిల్ రెండో ఫోకల్ ప్లేన్‌లో ఉంది.

రెటికిల్‌ను స్కోపు లోపల రెండు చోట్ల అమర్చవచ్చు. జూమ్ కటకాలకు ముందు పెడితే మొదటి ఫోకల్ ప్లేన్: జూమ్ పెంచినప్పుడు బొమ్మతోపాటు గీతలూ పెద్దవవుతాయి, చుక్కల మధ్య కొలత ఏ జూమ్‌లోనైనా 1 మిల్లే. జూమ్ కటకాలకు వెనక పెడితే రెండో ఫోకల్ ప్లేన్: బొమ్మ పెరుగుతుంది, తరుగుతుంది, గీతలు మాత్రం కదలవు. అప్పుడు చుక్కల మధ్య కొలత ఒకే ఒక్క జూమ్ దగ్గర 1 మిల్. అతని స్కోపు పుస్తకంలో అది 10 రెట్లు అని స్పష్టంగా ఉంది. 8 రెట్ల దగ్గర బొమ్మ చిన్నదవుతుంది కాబట్టి అదే ఖాళీలో ఎక్కువ పడుతుంది: 10ని 8తో భాగిస్తే 1.25. అతను 1 మిల్ అనుకుంటున్న ప్రతి ఖాళీ నిజానికి 1.25 మిల్స్. సాగిన టేపుతో గుడ్డ కొలిచినట్టు, ప్రతి కొలతా ఒకే పాళ్లలో తప్పుతోంది.

పుస్తకం చెప్పిందని నమ్మి వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. జూమ్ రింగు మీది అంకెలు అన్ని స్కోపుల్లోనూ కచ్చితంగా ఉండవు. కాబట్టి తెల్ల అట్ట మీద 2 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున నల్ల గీతలు గీసి, స్టీలు టేపుతో 20 మీటర్లు కొలిచి నిలబెట్టాం. ఆ దూరంలో 2 సెంటీమీటర్లంటే సరిగ్గా 1 మిల్. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించి, 10 రెట్లలో పెట్టి చూడమన్నాను. చుక్కల మధ్య నాలుగు ఖాళీలకు అట్ట మీద నాలుగు ఖాళీలు వచ్చాయి. రింగును 8కి తిప్పాడు. అవే నాలుగు ఖాళీల్లో అట్ట మీదివి అయిదు ఖాళీలు ఇమిడాయి. అతను కన్ను తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ లెక్కపెట్టాడు. "అయిదు" అన్నాడు. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ఒక అట్ట, ఒక స్కెచ్ పెన్ను. రెండో ఫోకల్ ప్లేన్ స్కోపు కొన్న ప్రతి ఒక్కరూ మొదటి పెల్లెట్ కాల్చకముందే ఇది చేయాలని నేను గట్టిగా చెబుతాను.

ఇప్పుడు ఆ మచ్చల సంగతి. దూరం కొలవడంలో ఒక తప్పు, ఎత్తిపట్టడంలో ఇంకో తప్పు, రెండూ ఒకే మూలం నుంచి వస్తున్నాయి. అవి ఒకదాని మీద ఒకటి ఎలా పనిచేశాయో చూడాలి. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన భాగం ఇదే.

దూరపు బొమ్మ నిజంగా 35 గజాల దగ్గర ఉంది, అంటే 32 మీటర్లు. 40 మిల్లీమీటర్ల కన్నం అక్కడ నిజంగా 1.25 మిల్స్ ఆక్రమిస్తుంది. 8 రెట్లలో అది సరిగ్గా ఒక ఖాళీలో ఇమిడింది. అతను 1 మిల్ అనుకున్నాడు, 40 మీటర్లు అని తేల్చాడు. దాదాపు 44 గజాలు. కార్డు ప్రకారం 44 గజాలకు సుమారు 0.84 మిల్ ఎత్తిపట్టాలి. రెటికిల్ మీద 0.84 ఖాళీ ఎత్తిపట్టాడు, అది నిజానికి 1.05 మిల్స్ అయింది. 35 గజాలకు కావలసినది 0.25 మాత్రమే. తేడా 0.8 మిల్, ఆ దూరంలో సుమారు 25 మిల్లీమీటర్లు. కన్నం వ్యాసార్ధం 20 మిల్లీమీటర్లే. దూరం ఎక్కువ అనుకోవడమే ఒక తప్పు, దానికి తగ్గట్టు ఎత్తిపట్టినది కూడా పాతిక శాతం పెరగడం గోరుచుట్టు మీద రోకటి పోటు. రెండు తప్పులూ పెల్లెట్‌ను పైకే నెట్టాయి.

దగ్గర్లో కథ తిరగబడుతుంది. ఇక్కడ కొత్తవాళ్లందరూ తడబడే ఒక విషయం చెప్పాలి. బ్యారెల్ స్కోపుకు 46 మిల్లీమీటర్లు కింద ఉంటుంది. పెల్లెట్ కింది నుంచి పైకి వస్తూ చూపు గీతను సుమారు 17, 18 గజాల దగ్గర మొదటిసారి దాటుతుంది, కాసేపు కొంచెం పైన ప్రయాణించి 30 గజాల దగ్గర మళ్లీ కలుస్తుంది. కాబట్టి 8, 10 గజాల బొమ్మలకు కూడా ఎత్తిపట్టే కాల్చాలి, అదీ 45 గజాలకు పట్టేదానికన్నా ఎక్కువ మిల్స్. 10 గజాలకు సుమారు 1.5, 8 గజాలకు 2.6. దగ్గర్లో ఉన్నదానికి ఎందుకు ఎత్తాలి అని మనసు ఒప్పుకోదు, కాగితం మీద రెండు గీతలు గీసి చూస్తే ఒప్పుకుంటుంది.

10 గజాల దగ్గర 15 మిల్లీమీటర్ల కన్నం నిజంగా 1.64 మిల్స్. అతనికి అది 1.3 ఖాళీలుగా కనిపించింది. లెక్క వేస్తే 12.5 గజాలని వచ్చింది. దగ్గర్లో దూరం పెరిగేకొద్దీ ఎత్తిపట్టాల్సింది తగ్గుతుంది, 12.5 గజాలకు 0.75 చాలు. అతను 0.75 ఖాళీ పట్టాడు, నిజానికి 0.94 మిల్ అయింది. కావలసింది 1.5 పైన. అంటే 5, 6 మిల్లీమీటర్లు కింద. 15 మిల్లీమీటర్ల కన్నంలో పెల్లెట్ మందం తీసేస్తే నడుమ నుంచి మిగిలే చోటు 5 మిల్లీమీటర్ల పైచిలుకు. అంచును కరుచుకున్న మచ్చలు అందుకే. ఇక 20 నుంచి 30 గజాల మధ్య పెల్లెట్ ఎలాగూ చూపు గీతకు 3, 4 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. అక్కడ దూరం కొంత తప్పు చెప్పినా 40 మిల్లీమీటర్ల కన్నం తప్పదు. అతని "ముప్ఫై గజాల దగ్గర తప్పదు" అన్న నమ్మకం అక్కడి నుంచి వచ్చింది.

పరిష్కారానికి రెండు దారులు. జూమ్‌ను 10కి మార్చి కార్డును అలాగే ఉంచుకోవడం మొదటిది. జూమ్ పెరిగేకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది. ఫోకస్ మార్చే వీలు లేని ఈ ఆటలో 8 గజాల బొమ్మ పొగలా కనిపిస్తుంది, 15 మిల్లీమీటర్ల కన్నం అంచు ఎక్కడుందో తెలియదు. చాలామంది అనుభవజ్ఞులు 8 నుంచి 10 మధ్య పెట్టుకోవడానికి కారణం ఇదే. అతని కంటికి 8 బాగా కుదిరింది, దాన్ని చెడగొట్టడం నాకు సబబు అనిపించలేదు. మొదటి ఫోకల్ ప్లేన్ స్కోపు కొంటానని మళ్లీ అన్నాడు. జూమ్ మార్చకూడని ఆటలో దానికి డబ్బు తగలేయడం అనవసరం. జూమ్ కదలదు కాబట్టి రెటికిల్ విలువ కూడా కదలదు. ఆ విలువ ఎంతో తెలిస్తే చాలు.

కాబట్టి రెండో దారి పట్టాం: 8 దగ్గరే ఉంచి, రింగు మీద టేపు ముక్క అంటించి, కార్డు నుంచి "మిల్" అనే మాటనే తీసేశాం. ఇకపై అన్నీ "ఖాళీలు". యాప్ చెప్పిన ప్రతి అంకెనూ 1.25తో భాగించి, టేపుతో కొలిచిన దూరాల్లో కాగితం మీద కాల్చి సరిచూశాం. 8 గజాలకు 2.1 ఖాళీలు, 10కి 1.2, 13కి అర, 15కి పావు. 20 నుంచి 30 దాకా నడుమ గీతే. 35కి 0.2, 40కి 0.45, 45కి 0.75. రైఫిల్ ఇచ్చిన ఫలితం యాప్ అంకెలతో దాదాపు కలిసింది, 8 గజాల దగ్గర మాత్రం కాస్త సర్దాం. అక్కడ గజం తేడాకే దాదాపు అర ఖాళీ మారుతుంది, లెక్క కన్నా కాగితం మీది రంధ్రాన్నే నమ్మాలి. గాలి కూడా ఇదే కొలబద్దతో కొలవాలి. గంటకు 5 మైళ్ల అడ్డగాలి 45 గజాల దగ్గర ఈ పెల్లెట్‌ను సుమారు 1 మిల్ నెడుతుంది, అతని రెటికిల్ మీద అది 0.8 ఖాళీ.

కన్నం పరిమాణం తెలియకుండా దూరం ఎలా తేలుతుంది అన్నది తర్వాతి ప్రశ్న. ఇందులో కిటుకు కన్నా ఓపిక ఎక్కువ పనిచేస్తుంది. 1.3 ఖాళీలు ఆక్రమించిన కన్నం 10 గజాల దగ్గరి 15 మిల్లీమీటర్లది కావచ్చు, 27 గజాల దగ్గరి 40 మిల్లీమీటర్లది కావచ్చు. ఈ రెండింటినీ వేరు చేసేది మసక. ఫోకస్ 25 గజాల చుట్టూ స్థిరంగా ఉంటే 10 గజాల బొమ్మ చుట్టూ గడ్డి పరకలు కరిగిపోయినట్టు ఉంటాయి, 27 గజాల దగ్గర ఒక్కో పరకా విడిగా కనిపిస్తుంది. ముందు మసక చూసి దగ్గరా దూరమా తేల్చుకో, తర్వాత కన్నం పరిమాణం ఊహించు, ఆ తర్వాతే చుక్కలతో కొలువు. ఈ వరస తప్పకూడదని అతనికి పదేపదే చెప్పాను.

కొలిచేటప్పుడు చుక్క ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది కూడా చూసుకోవాలి. చుక్కకు సొంత మందం ఉంది. చాలా స్కోపుల్లో అది 0.2 మిల్ చుట్టూ ఉంటుంది. కన్నాన్ని చుక్క నడుమ నుంచి పక్క చుక్క నడుమకు సరిపెట్టాలి. ఎడమ చుక్క కుడి అంచు నుంచి కుడి చుక్క ఎడమ అంచు దాకా సరిపెడితే 1కి బదులు 0.8 వస్తుంది. 40 మిల్లీమీటర్ల కన్నానికి 35 గజాలకూ 45 గజాలకూ మధ్య ఉన్న తేడా 0.28 మిల్. అంటే చుక్క మందం ఒక్కటే మనల్ని ఏడెనిమిది గజాలు పక్కదారి పట్టించగలదు. అతను అంచుల నుంచే కొలిచే అలవాటులో ఉన్నాడు. దాన్ని మార్చుకోవడానికి రెటికిల్ లెక్క మార్చుకోవడం కన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఇంకో చిన్న విషయం జీరో చేసుకునేటప్పుడు బయటపడింది. అతని టర్రెట్ మీద ఒక్కో క్లిక్ పావు ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఒక ఎంఓఏ), రెటికిల్ మాత్రం మిల్స్‌లో. పాత నమూనా స్కోపుల్లో ఈ కలగాపులగం మామూలే. 1 మిల్ అంటే 3.44 ఎంఓఏ. పెల్లెట్ 1 మిల్ కింద పడితే దాదాపు 14 క్లిక్కులు తిప్పాలి. అతను 10 తిప్పి, కాల్చి, మళ్లీ తిప్పుతూ పెల్లెట్లు వృథా చేస్తున్నాడు. పైగా ఆ 1 మిల్ కూడా 8 రెట్ల మీద చూసినదైతే 17 క్లిక్కులు. ఇప్పుడు జీరోను రెటికిల్‌తో కాకుండా కాగితం మీద స్కేలు పెట్టి కొలిచి సరిచేసుకుంటున్నాడు.

తర్వాతి పోటీల్లో 35 గజాల పైన ఉన్న బొమ్మలు పడటం మొదలైంది. 45 గజాల దగ్గర అతనికి బాగా కలిసొచ్చిన ఒక గుర్తు ఉంది: 40 మిల్లీమీటర్ల కన్నం 0.78 ఖాళీ ఆక్రమిస్తుంది, ఎత్తిపట్టాల్సింది 0.75. అంటే కన్నం అంత ఎత్తు పైకి పట్టుకుంటే చాలు. 10 గజాల చిన్న కన్నాలు కూడా చాలావరకు దక్కుతున్నాయి. 8 గజాల దగ్గర ఇంకా తడబడుతున్నాడు, అక్కడ మసకలో అంచు పట్టుకోవడం కళ్లకు అలవాటు కావాలి. నిలబడి కాల్చే బొమ్మల్లో స్కోరు మునుపటిలాగే ఉంది. అక్కడ పెల్లెట్లు నాలుగు వైపులా పడుతున్నాయి, ఒక క్రమం లేదు. దానికి రెటికిల్‌తో సంబంధం లేదు. కాళ్ల మధ్య ఎడం, ముందుచేయి మోచేతిని ఆనించే చోటు చూడాలి, వచ్చే నెల నుంచి ఆ పని మొదలుపెడుతున్నాం.